గోడలు తట్టే డాక్టరు

మొన్న మా బావమరిది కుటుంబం వస్తే వాళ్ళని సూర్యలంక సముద్రానికి తీసుకెళుతూ, బాపట్ల ఇంకా రాకముందే ఒక ఊళ్ళో టీ కోసం కారాపాను. కొట్టు వెనకాల కాస్త లోపలికి ఒక పాత చర్చి కనపడింది. సున్నం వెలిసిపోయిన గోడలు, పైన చిన్న గంట, తలుపుకి తాళం. నేను టీ గ్లాసు అందుకుంటూ, నాకు తెలియకుండానే, కొట్టామెని "గుడి తాళం ఎవరి దగ్గరుంటుందమ్మా?" అని అడిగేశాను.

మా బావమరిది నన్ను పైనించి కిందికి చూసి, "బాప్తిస్మం ఎప్పుడు తీసుకున్నావు బావా? మా అక్కకి తెలుసా?" అన్నాడు.

"తీసుకోలేదు. ఒక పళ్ళ డాక్టరు నాకంటించిన జబ్బు ఇది" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను గానీ రాలేదు. ఆయన పోయి అప్పటికి ఏడాది కూడా నిండలేదు.

ఆయన తెనాలిలో పళ్ళ డాక్టరు, నేను ఇన్సూరెన్సు ఆఫీసులో గుమాస్తాని. మా స్నేహం నా కింది దవడలో ఎడమవైపు మొదలైంది. ఆయనకొక అలవాటుండేది. పేషెంటు నోట్లో దూది కుక్కి, ఉమ్ము లాగే గొట్టం తగిలించి, ఇక వీడు ఎదురు మాట్లాడలేడని నమ్మకం కుదిరాక కబుర్లు మొదలుపెట్టేవారు. ఆ కబుర్లన్నీ పాత చర్చిల గురించే. ఏ ఊళ్ళో దొరలు కట్టించిన గుడి ఉంది, దాని దూలాలు ఏ కలపవి, ఏ తుఫానుకి ఏ కిటికీ ఎగిరిపోయింది, అన్నీ చెబుతూ మధ్యమధ్యలో "ఏమంటారు?" అనేవారు. నేను నోరు తెరిచి, కళ్ళనీళ్ళు కారుస్తూ "ఆ... ఆ..." అంటే దాన్ని అంగీకారం కింద రాసుకునేవారు. ఒకరోజు అలాగే "ఆదివారం బాపట్ల వెళ్ళొద్దామా? మీకు కారుంది కదా" అన్నారు. నేను నొప్పి అని చెప్పబోయాను. ఆదివారం మధ్యాహ్నం, నేను అన్నం తిని నడుం వాల్చే వేళకి, నీళ్ళ సీసా పట్టుకుని మా గుమ్మంలో నిలబడి ఉన్నారు.

అలా నా ఆదివారం నిద్ర ఆయన పాలైంది.

మాది శనివారం శనివారం వెంకటేశ్వరస్వామికి కొబ్బరికాయ కొట్టే ఇల్లు. ఆయనది తాతలనాటి లూథరన్ కుటుంబం. కానీ ఇంటి పక్కనే ఉన్న తమ గుడికి క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ తప్ప వెళ్ళేవారు కాదు. "అది మొన్నమొన్న కట్టింది. అందులో చూడ్డానికేముంది?" అనేవారు. ఆయన భార్య నాకు కాఫీ ఇస్తూ ఎప్పుడూ ఒకటే మాట. "మీ డాక్టరుగారు దేవుణ్ణి చూడ్డానికి వెళ్ళరండీ, దేవుడి ఇల్లు చూడ్డానికి వెళతారు. ఆ టైముకి ఆ దేవుడు ఇంట్లో లేకపోతే మరీ మంచిది."

నిజమే. ఆయన ఎప్పుడూ ఆరాధన అయిపోయి, జనం ఇళ్ళకి వెళ్ళిపోయాకే బయలుదేరేవారు. "జనం ఉంటే గోడలు కనపడవండీ" అనేది ఆయన సిద్ధాంతం. వానాకాలం అసలు కదిలేవారు కాదు. గోడలు తడిసి ఉంటే వాటి రంగు తెలియదట. బురదలో కారు కడిగే పని తప్పుతుంది గనక నేనూ ఆ సిద్ధాంతాన్ని పూర్తిగా సమర్థించాను.

కానీ జనం వెళ్ళిపోయాక వెళితే గుడికి తాళం ఉంటుంది. మా ప్రయాణాల్లో సగం భాగం ఆ తాళంచెవి వెతకడమే. పొన్నూరు దగ్గర ఒక ఊళ్ళో తాళంచెవి ఉన్నాయన గేదెల్ని తోలుకుపోయాడు. "మొలతాడుకి కట్టుకెళ్ళాడండి, గేదెలొస్తే తాళం వచ్చుద్ది" అంది వాళ్ళావిడ. గేదెలొచ్చేదాకా వాళ్ళ అరుగుమీద కూర్చున్నాం. చేబ్రోలు వైపు ఇంకో ఊళ్ళో తలుపుకి రెండు తాళాలు కనిపించాయి. సంఘంలో రెండు పార్టీలట. ఒక పార్టీ తీస్తే రెండో పార్టీ తియ్యదు. డాక్టరుగారు రెండు పార్టీల పెద్దల్నీ విడివిడిగా కలిసి, ఇద్దరి పళ్ళూ చూసి, ఇద్దరికీ పిప్పిపన్ను ఉందని చెప్పి, ఇద్దరిచేతా తాళాలు తీయించారు. ఆ గుడి రెండు తాళాలూ ఒకేసారి తీయడం చాలా కాలం తరవాత అదే మొదలని పక్కింటి ముసలాయన మమ్మల్ని మెచ్చుకున్నాడు.

తాళం దొరికినా మనుషుల అనుమానం తీరదు. ఎక్కడికి వెళ్ళినా ఇదే సంభాషణ.

"ఏ పనిమీద వచ్చారండి?"

"చూడ్డానికండి."

"ఎవర్ని?"

"గుడిని."

"గుడిలో ఏంటండి చూడ్డానికి?"

దానికి ఆయన దగ్గర వాళ్ళకి నచ్చే జవాబు ఎప్పుడూ ఉండేది కాదు. అంచేత వాళ్ళే ఒకటి కల్పించుకునేవారు. కొందరు మేం పెద్దాఫీసు నుంచి తనిఖీకి వచ్చామనుకున్నారు. కొందరు స్థలం కొలవడానికొచ్చామనుకుని ముఖం మాడ్చారు. ఒక ఊళ్ళో అయితే పెళ్ళి సంబంధానికి వచ్చామనుకుని, తెల్లచొక్కా వేయించి ఒక కుర్రాణ్ణి తెచ్చి మా ముందు కూర్చోబెట్టారు. డాక్టరుగారు ఆ అబ్బాయిని నవ్వమని, "పళ్ళు బాగున్నాయండీ" అన్నారు. వాళ్ళు ఆ మాటకే సగం సంబంధం కుదిరినట్టు సంతోషించారు.

పళ్ళ డాక్టరని తెలిశాక ఇంక చెప్పక్కర్లేదు. ఆయన కిటికీ కమాను చూస్తుంటే వెనకాల వరసకట్టి జనం. గుడి మెట్లమీదే కూర్చోబెట్టి చూసేవారు. చూస్తూ చూస్తూ, నోరు తెరిచినవాడికి ఆ గుడి గురించి చెప్పేవారు. ఆ పేషెంట్లకి తమ గుడి అంత గొప్పదని ఆ స్థితిలోనే తెలిసేది.

చివర్లో అందరూ "ఒక ప్రార్థన చేసి వెళ్ళండయ్యా" అని చేతులు కట్టుకుని తలవంచేవారు. వచ్చిన పెద్దమనిషి ప్రార్థన చెయ్యకుండా వెళ్ళడం మర్యాద కాదు. డాక్టరుగారు గొంతు సవరించుకుని "తండ్రీ, అంతా బాగుంది. స్తోత్రం. ఆమెన్" అనేవారు. కళ్ళు మూసుకున్నవాళ్ళు ఇంకా ఉంటుందేమోనని అలాగే ఉండిపోయేవారు. మేం కారెక్కాక తెరిచేవారు.

ఆయన జేబులో ఎప్పుడూ చిన్న అద్దం అతికించిన పుల్ల ఉండేది, దవడ పళ్ళ వెనకభాగం చూసేది. గుళ్ళోకి వెళ్ళగానే దాని పిడితో గోడని టకటక తట్టి చెవి ఆనించేవారు. "డంగు సున్నమండీ. లోపల ఇంకా ప్రాణం ఉంది" అనేవారు. పైకప్పు చూడాలంటే మెడనొప్పి అని నేలమీద వెల్లకిలా పడుకునేవారు. బాపట్లలో అలా పడుకున్నప్పుడు అటుగా వచ్చిన ఒకామె పెద్దాయన పడిపోయాడనుకుంది. ముఖాన నీళ్ళు చల్లింది. కొంగుతో విసురుతూ పొడుగాటి ప్రార్థన చేసింది. ఈయన కదలకుండా ఆమెన్ దాకా విని, లేచి, "టేకు దూలాలండీ" అన్నారు నాతో. ఆమె ఇంకా నాలుగు మాటలు స్తోత్రం చెప్పి వెళ్ళింది.

ఇంత తమాషా మనిషికి ఒక్క విషయంలో మాత్రం తమాషా పనికొచ్చేది కాదు. పన్ను తీసెయ్యమంటే కోపం వచ్చేది. "పీకడానికి పట్టకారున్నవాడెవడైనా చాలు. ఉంచడానికే డాక్టరు కావాలి" అని పేషెంటుని కసిరేవారు. గుళ్ళ సంగతీ అంతే. ఏ ఊళ్ళోనైనా పాతది పడగొట్టి శ్లాబు వేశారని తెలిస్తే ఆ రోజంతా మాట్లాడేవారు కాదు. పొన్నూరులో ఆపి పెసరట్టు తినిపించినా ముఖం వెలిగేది కాదు.

అన్ని గుళ్ళలోకీ ఆయనకి ప్రాణమైనది రేపల్లె దగ్గర ఒక పల్లెలో ఉంది. ఊరిపేరు రాయను. చిన్న గుడి, యాభైమంది కూర్చుంటే నిండిపోతుంది. కిటికీలో మూరెడు చెయ్యి పెట్టినా అవతలికి రానంత మందం గోడలు. సాయంత్రం పడమటి కిటికీలోంచి ఎండ నేలమీద పడితే ఆ వెలుగులో కూర్చుని కదిలేవారు కాదు. దాని తాళంచెవి ఒక మామ్మ దగ్గరుండేది. జీవితమంతా నాట్లకీ కోతలకీ వెళ్ళిన చేతులు ఆమెవి. "వందనాలు బాబూ" అని పలకరించి, కొంగు ముడి విప్పి తాళం తీసి, మేం వెళ్ళేదాకా గడపమీద కూర్చునేది. ఏం చూస్తున్నారని ఒక్కసారి కూడా అడగలేదు. అందుకే డాక్టరుగారికి ఆమె అంటే అంత గౌరవం.

ఆ ఊరి సంఘపెద్ద ఒక కౌలురైతు, మంచి మనిషి. మేం వెళ్ళినప్పుడల్లా వెనక నిలబడేవాడు. డాక్టరుగారు గోడ తట్టి, చెవి ఆనించి, తల ఊపుతూ "చ్చొ, చ్చొ, ఎలాంటి గోడండీ ఇది" అనేవారు. అది మెచ్చుకోలు. సంఘపెద్దకి అది జాలిగా వినపడింది. "దీని సంగతి ఏదో ఒకటి చూడాలి పెద్దయ్యా, ఇలా వదిలెయ్యకూడదు" అనేవారు ఈయన, కప్పు మరమ్మతు చేయించమని. ఆయన "అవునండి, అదే అనుకుంటన్నామండి" అనేవాడు. ఇద్దరూ ఎంతో ఏకాభిప్రాయంతో విడిపోయేవారు.

ఒక వేసవిలో సంఘపెద్ద ఫోన్ చేశాడు. గుడి పని మొదలుపెడుతున్నామనీ, ఆదివారం పొద్దున్నే వచ్చి డాక్టరుగారి చేతులమీదుగా ప్రారంభించాలనీ. డాక్టరుగారు పొంగిపోయారు. "చూశారా, చెబితే వింటారండీ మనవాళ్ళు. కప్పు బాగుచేస్తున్నారు" అన్నారు. కొత్త చొక్కా కుట్టించుకున్నారు.

ఊళ్ళోకి మలుపు తిరగగానే గుడి ముఖానికి అడ్డంగా ఫ్లెక్సీ. దానిమీద డాక్టరుగారు. ఎప్పుడో ఎవరో ఫోన్లో తీసిన ఫోటో. ఆయన నోరు తెరిచి కప్పుకేసి చూస్తున్నారు. ఫ్లెక్సీ వేసినవాడు తలవెనక మేఘాలూ, పైన పావురమూ పెట్టాడు. చూస్తే ఆయనకి అప్పుడే పరలోకం కనపడినట్టుంది. కింద పెద్ద అక్షరాల్లో, పాత దేవాలయం తొలగించి నూతన దేవాలయ నిర్మాణానికి మొదటి దెబ్బ వేయుటకు విచ్చేయుచున్న దంతవైద్యులకు స్వాగతం అని ఉంది.

నేను చదివి ఆయన వంక చూశాను. ఆయన చదవడం పూర్తిచేసి మళ్ళీ మొదటినించీ చదువుతున్నారు.

షామియానా, కుర్చీలు, మైకు, ఒక పక్క పొయ్యిమీద కోడిమాంసం. గుడి గోడకి చేరవేసిన గునపానికి ఎర్ర రిబ్బను కట్టారు. సంఘపెద్ద మైకు అందుకుని, తెనాలి నుంచి ఇంత దూరం వచ్చి, తమ గుడి దుస్థితి చూసి, గోడ గోడనీ తట్టి బాధపడిన పెద్దమనసు డాక్టరుగారిదని చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. డాక్టరుగారికి శాలువా కప్పి, చేతిలో గునపం పెట్టారు.

ఆయన గునపాన్ని నాకిచ్చి మైకు తీసుకున్నారు.

"పెద్దయ్యా, పొరపాటు జరిగింది. నేను బాధపడి తట్టలేదండీ. ఇది గట్టి గుడి. మీ తాతలు రాళ్ళు మోసి కట్టిన గుడి. దీన్ని తీసెయ్యొద్దు. నా మాట వినండి. మీకు దణ్ణం పెడతాను" అన్నారు. అంత పొడుగు మాట్లాడగా ఆ ఊళ్ళో ఎవరూ వినలేదు.

చప్పట్లు కొట్టిన చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. సంఘపెద్ద నేల చూపులు చూశాడు. అప్పుడు ఆడవాళ్ళ వైపునించి మామ్మ లేచి నిలబడింది.

"బాబూ, మీరు ఎప్పుడొచ్చినా నేనే తలుపు తీశాను. ఎప్పుడూ ఎండ కాసేటప్పుడే వచ్చారు. ఎవరూ లేనప్పుడే వచ్చారు. గోడలు బాగున్నయ్, మేం కాదనం. కప్పు ఎన్నిసార్లు బాగుచేయించినా నిలవట్లా. వాన పడేటప్పుడు ఒక్కసారి వచ్చి మాతో కూకోండి. అప్పుడు ఉంచమంటే ఉంచుతాం."

కోపంగా అనలేదు. అన్నానికి రమ్మన్నట్టు అంది.

"వస్తానమ్మా" అన్నారు డాక్టరుగారు.

పడగొట్టడం వాయిదా పడింది. వంట అయిపోయింది గనక భోజనాలు వాయిదా పడలేదు. డాక్టరుగారు ముద్ద మింగలేకపోయారు. ఆయన వంతు కూడా నేనే తిన్నాను.

తొలకరి దాటి వానలు ముదిరాక ఒక ఆదివారం పొద్దున్నే గొడుగుతో మా గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. బయట కుండపోత. "ఈ వానలోనా?" అన్నాను. "ఈ వానలోనే" అన్నారు. దారి పొడుగునా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. నేను మాత్రం కారు గురించి చాలా మాట్లాడాను.

మేం వెళ్ళేసరికి ఆరాధన మొదలైంది. పాదిరిగారు బైబిలుని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, సంచిలోంచే చదువుతున్నారు. మమ్మల్ని చూసి ముందు బల్ల ఖాళీ చేశారు. కూర్చున్న కాసేపటికి డాక్టరుగారి నడినెత్తిన చుక్క పడింది. పక్కకి జరిగారు, అక్కడా పడింది. వెనక్కి చూస్తే, పాట ఆగకుండానే జనం బల్లలు ఎత్తి అటూ ఇటూ సర్దుకుంటున్నారు. ఎక్కడ ఎప్పుడు కారుతుందో అందరికీ తెలుసు. ఒకాయన పాటలో చరణం మధ్యలో కాలితో బకెట్టుని జరిపాడు, రాగం తప్పలేదు. మామ్మ కోడలు పసిపిల్లని కొంగుకింద దాచుకుని బయట చూరుకింద నిలబడి, కిటికీలోంచి వాక్యం వింటోంది. మధ్యలో కప్పునించి సున్నం పెళ్ళ ఒకటి నడవలో పడి పగిలింది. నేను ఉలిక్కిపడ్డాను. ఇంకెవరూ తలతిప్పలేదు. చివర కూర్చున్నామె చీపురు తెచ్చి ఊడ్చి మళ్ళీ వచ్చి కూర్చుంది.

డాక్టరుగారు ఆ రోజు కప్పుకేసి చూడలేదు. మనుషుల్నే చూస్తూ కూర్చున్నారు. ఆరాధన అయ్యేసరికి కొత్త చొక్కా వంటికి అంటుకుపోయింది.

తిరుగుప్రయాణంలో వేమూరు దాటాక నోరు విప్పారు. "తీసెయ్యాలండీ."

నేను కారు వేగం తగ్గించాను.

"పేషెంటు ఎవరొచ్చినా నేను మొదట అడిగేది నొప్పి ఎక్కడని కదండీ. ఇన్నాళ్ళూ వెళ్ళి గోడని అడిగాను. మనుషుల్ని అడగలేదు" అన్నారు. కళ్ళద్దాలు తుడుచుకున్నారు. కాసేపటికి మళ్ళీ తుడుచుకున్నారు.

ఆ సాయంత్రమే సంఘపెద్దకి ఫోన్ చేశారు. మొదటి దెబ్బ తనే వేస్తాననీ, తలుపులూ దూలాలూ మాత్రం పగలగొట్టకుండా ముందే దింపించమనీ అడిగారు. ఆయన సంతోషంగా ఒప్పుకున్నాడు. ఫ్లెక్సీ పాడవకుండా దాచే ఉంచామన్నాడు.

వానలు వెనకబట్టాక వెళ్ళాం. మేఘాలు, పావురం, నోరు తెరిచిన డాక్టరుగారు, అన్నీ యథాస్థానంలో ఉన్నాయి. తలుపులు తీసేసిన గుడి లోపలంతా వెలుతురుగా ఉంది. పాదిరిగారు ప్రార్థన చేశారు. డాక్టరుగారు శాలువా తీసి నాకిచ్చి, చొక్కా చేతులు పైకి మడిచి గోడ దగ్గరికి వెళ్ళారు. ఎడం అరచెయ్యి గోడకి ఆనించారు. క్లినిక్ కుర్చీలో కూర్చున్నవాళ్ళ చెంపని ఆయన అలాగే పట్టుకునేవారు.

"కొంచెం ఓర్చుకోమ్మా. అయిపోతుంది" అన్నారు, పక్కనున్న నాకు తప్ప ఎవరికీ వినపడకుండా.

గునపం ఎత్తి కొట్టారు. ఖంగుమని మోగి వెనక్కి ఎగిరింది. గోడమీద చిటికెడు సున్నం రాలింది, అంతే. మళ్ళీ కొట్టారు. మళ్ళీ అంతే. వెనకాల కుర్రాళ్ళు కిసుక్కుమన్నారు. "కొంచెం గట్టిగా వెయ్యండి డాక్టరుగారూ" అన్నాడు సంఘపెద్ద.

డాక్టరుగారు ఇటు తిరిగారు. అద్దాలమీద సున్నం పొడి, ముఖమంతా చెమట. ఆ ముఖంలో అంత సంతోషం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

"చూశారా పెద్దయ్యా, కదల్లేదు" అన్నారు.

అంటూనే గుడి మెట్టుమీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు. సంఘపెద్ద తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. నవ్విన కుర్రాళ్ళు తలలు వంచుకున్నారు. నా కళ్ళూ తడిశాయి, దాచడమెందుకు. మామ్మ వచ్చి ఆయన పక్కనే మెట్టుమీద కూర్చుని, ఆయన కళ్ళద్దాలు తీసి, కొంగుతో ముఖం తుడిచింది.

"ఊరుకో నాయనా. నా పెళ్ళి ఇందులోనే అయింది. మా ఆయన్ని ఇక్కణ్ణించే మోసుకెళ్ళాం. నాకు మాత్రం బాధ లేదా?" అంది.

ఆయన తలూపారు. అద్దాలు పెట్టుకున్నారు. మామ్మ చెయ్యి ఆసరాతో లేచి నిలబడ్డారు. ఈసారి గునపాన్ని ఇద్దరూ కలిసి పట్టుకున్నారు.